ఫైర్‌వాల్‌లో డీహెచ్‌సీపీ పెట్టే ముందు రెండో సర్వర్‌ను వెతకండి

ఈమధ్య విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉదయాన్నే బిల్లింగ్ ఆగిపోయింది. ముందురోజు సాయంత్రమే కొత్త ఫైర్‌వాల్ (లోపలి నెట్‌వర్క్‌కూ ఇంటర్నెట్‌కూ మధ్య కాపలా పెట్టె) పెట్టి డీహెచ్‌సీపీని, అంటే కంప్యూటర్లకు నెట్‌వర్క్ అడ్రసులు పంచే పనిని, అందులోకి మార్చారు. అప్పుడంతా బాగానే నడిచింది. తెల్లవారి కంప్యూటర్లు ఆన్ చేస్తే సగం వాటికి సర్వర్ కనిపించలేదు. రోగుల బంధువులు వరుసలో నిలబడి ఉండగా సిబ్బంది చేత్తో రశీదులు రాశారు. ఫైర్‌వాల్‌లో ఏ లోపమూ లేదు. పై అంతస్తులో ఎవరో వైఫై కోసం తగిలించుకున్న పాత రౌటర్ కూడా అడ్రసులు పంచుతోంది.

ఏ సెట్టింగు ఎక్కడుంటుందో ఫైర్‌వాల్ పెట్టే మీకు తెలుసు, దాని జోలికి వెళ్లను. ఈ పనిని మళ్లీ మళ్లీ పాడుచేస్తున్నది రెండో డీహెచ్‌సీపీ సర్వరే.

అడ్రసు కావాలని కంప్యూటర్ నెట్‌వర్క్ అంతటా కేక వేస్తుంది. సాధారణంగా ముందు జవాబిచ్చినవారి అడ్రసే పుచ్చుకుంటుంది, ఆ జవాబు ఎవరిదని అడగదు. ముందు జవాబిచ్చింది పాత రౌటరైతే గేట్‌వే (బయటికి వెళ్లే దారి), డీఎన్ఎస్ (సైట్ల పేర్లకు అడ్రసులు చెప్పే సర్వర్) కూడా ఆ రౌటర్ చెప్పినవే వస్తాయి. ఆ రౌటర్‌కు విడిగా ఇంటర్నెట్ లైను ఉంటే మరీ ప్రమాదం. అన్నీ పనిచేస్తున్నట్టే ఉంటాయి, కానీ ఆ కంప్యూటర్లు ఫైర్‌వాల్‌ను తాకకుండానే బయటికి వెళ్తుంటాయి. లీజు (ఇచ్చిన అడ్రసును వాడుకోగల కాలం) గడువు తీరేదాకా పాత అడ్రసులే నడుస్తాయి కాబట్టి తప్పు ఆ పూటే బయటపడదు.

అందుకే కొత్తది ఆన్ చేయకముందు పాత సర్వర్‌ను ఆపి, ల్యాప్‌టాప్‌ను స్విచ్‌కు కేబుల్‌తో కలిపి కొత్తగా అడ్రసు అడగండి. 169.254తో మొదలయ్యే అడ్రసు కనిపిస్తే ఇంకెవరూ పంచడం లేదన్నమాట. 192.168.0 లేదా 192.168.1 లాంటిది వచ్చిందంటే ఎవరో ఉన్నారు. విండోస్‌లో ‘ఐపీకాన్ఫిగ్ /ఆల్’ (ipconfig /all) అనే కమాండ్ కొడితే ‘డీహెచ్‌సీపీ సర్వర్’ అనే వరుసలో వారి అడ్రసే ఉంటుంది. వీల్యాన్‌లు (ఒకే స్విచ్‌లో విడగొట్టిన వేర్వేరు నెట్‌వర్క్‌లు) ఉంటే ప్రతిదానిలోనూ ఇలాగే చూడాలి.

తుపానుల కాలంలో ఇంకా జాగ్రత్త. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు కరెంటు రాగానే, కాలిపోయిన పెట్టె బదులు చేతికందిన రౌటర్‌ను తగిలిస్తారు. వైఫై రౌటర్లలో డీహెచ్‌సీపీ మామూలుగా ఆన్ అయ్యే వస్తుంది. దాని ల్యాన్ (లోపలి నెట్‌వర్క్) పోర్టును స్విచ్‌కు కలిపితే చాలు, రెండో సర్వర్ తయారు.

ఇక మిగిలినవి:

మార్చే ముందు బ్యాకప్ తీయండి.

పాత సర్వర్‌లో లీజును గంటకు తగ్గించండి. పాత గడువు ఎంతో చూసుకుని అంతకు ముందే తగ్గించాలి.

ఫైర్‌వాల్ సొంత అడ్రసు, ప్రింటర్లు, కెమెరాల రికార్డరు, వేలిముద్రల హాజరు యంత్రం పంచే అడ్రసుల్లోకి రాకూడదు.

ఫైర్‌వాల్‌లో వ్యాన్ (WAN, ఇంటర్నెట్ లైను) వైపు డీహెచ్‌సీపీ సర్వర్ ఆన్ చేయకండి. ఎవరు చెప్పినా చేయకండి.

వచ్చిపోయేవారి వైఫైకి లీజు చిన్నదిగా పెట్టండి, లేకపోతే ఫోన్లకే 254 అడ్రసులూ అయిపోతాయి.

ఓపీ నడుస్తుండగా ముట్టుకోవద్దు.

స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ (నమ్మిన పోర్టు నుంచి తప్ప అడ్రసులు పంచనివ్వని ఏర్పాటు) ఉంటే వాడండి. ముందు ఫైర్‌వాల్ పోర్టును నమ్మదగినదిగా గుర్తించాకే ఆన్ చేయండి, లేకపోతే ఎవరికీ అడ్రసు రాదు.

పని అయ్యాక రెండో సర్వర్ కోసం మళ్లీ వెతకండి.

పాత రౌటర్ వైఫై కోసం కావాలంటే ముందు దాని డీహెచ్‌సీపీ ఆపండి, తరువాతే కేబుల్ పెట్టండి. దాన్ని ఎవరైనా రీసెట్ చేస్తే డీహెచ్‌సీపీ మళ్లీ ఆన్ అవుతుందని అక్కడి సిబ్బందికి చెప్పి, పెట్టె మీద రాసి రండి.