తాతయ్య ఏ ఫిరంగి దళంలో పనిచేశాడో వెతకాలంటే

మా తాతయ్య రెండో ప్రపంచ యుద్ధంలో గన్నర్, అంటే ఫిరంగి దళంలో సిపాయి. విజయనగరం దగ్గర మా ఊళ్లో ఉన్న ఆయన ట్రంకు పెట్టె ఇప్పుడు చెన్నై ఆదంబాక్కంలో మా ఇంట్లో ఉంది. డిశ్చార్జ్ కాగితం, పతకాలు, మనీఆర్డర్ కూపన్లు, కొన్ని ఉత్తరాలు ఉన్నాయి అందులో. మీరూ అలాంటి పెట్టెతోనే మొదలుపెట్టండి.

ముందు వెతకాల్సింది పేరు కాదు, సైన్యంలో ఒక్కొక్కరికీ ఇచ్చే సర్వీస్ నంబర్. మన పేర్లను గుమాస్తాలు చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్నారు. అప్పన్న అనే పేరు మా కాగితాల్లో మూడు రకాలుగా ఉంది, ఇంటిపేరు ఎక్కడా లేదు. నంబర్ మాత్రం అన్నింట్లోనూ ఒకటే. పతకాల అంచుల మీద కూడా నంబర్ చెక్కి ఉండొచ్చు, భూతద్దంతో చూడండి. దయచేసి చింతపండు పెట్టి తోమకండి, ఆ అక్షరాలు అరిగిపోతాయి.

తర్వాత పొడి అక్షరాలు. ఆర్.ఐ.ఎ. అంటే రాయల్ ఇండియన్ ఆర్టిలరీ, ఆర్టిలరీ అంటే ఫిరంగి దళం. ఆ 'రాయల్' 1945లో వచ్చింది, 1950 జనవరి 26తో పోయింది. కాబట్టి ఆ ముద్ర ఉన్న కాగితం ఆ మధ్యకాలానిదే. ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అని ఉంటే అది ఫిరంగి దళం కాదు, సరఫరా విభాగం. మా కాగితం మడత దగ్గర చెరిగిపోవడంతో నేను చాలా రోజులు సరఫరా విభాగం అనుకునే వెతికాను. హెచ్.ఎ.ఎ. అంటే విమానాలను కూల్చే పెద్ద ఫిరంగుల దళం.

నంబర్, దళం తెలిశాక నాసిక్ రోడ్ క్యాంప్‌లోని ఆర్టిలరీ రికార్డ్స్‌కు ఇంగ్లీషులో ఉత్తరం రాయండి. మీ బంధుత్వం చూపే పత్రం, డిశ్చార్జ్ కాగితం నకలు జతచేసి స్పీడ్ పోస్ట్‌లో పంపండి. యుద్ధంలో చనిపోయినవారైతే, అలాంటివారి సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా చూడండి, 1947 డిసెంబర్ 31 దాకా పోయినవారు అందులో ఉంటారు. విశాఖపట్నాన్ని పాత స్పెల్లింగ్‌లో, విజగపటం అని వెతకాలి. ఇంకా వెనక్కి, కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) కాలానికి వెళ్తే మద్రాస్ ఆర్టిలరీ కేంద్రం మా ఇంటి పక్కనే ఉన్న పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్). ఆ కాలం కాగితాల కోసం ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి.

నాకు అన్నిటికన్నా విలువైనవి దళాల యుద్ధ డైరీలు, అంటే ఏ రోజు ఏం జరిగిందో ఒక్కో దళం రాసి ఉంచిన పుస్తకాలు. బర్మా వైపు పోరాడిన దళాలవి లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూ.ఓ. 172 వరుసలో ఉంటాయి. నకళ్లకు డబ్బు కట్టాలి. గన్నర్ల పేర్లు వాటిలో దాదాపు కనిపించవు, అయినా తెప్పించుకోండి. ఉత్తరాల మీద సెన్సార్ వల్ల ఊరి పేరు ఉండదు, ఫీల్డ్ పోస్ట్ ఆఫీస్ (సైన్యం వెంట ఉండే తపాలా ఆఫీసు) నంబర్ ముద్ర ఉంటుంది. ఏ నంబర్ ఎప్పుడు ఎక్కడుందో తపాలా బిళ్లలు సేకరించేవాళ్లు జాబితాలు వేశారు, అడిగితే చెబుతారు. ఆ తర్వాత ప్రతి ఉత్తరాన్నీ అదే తేదీ డైరీ పేజీ పక్కన పెట్టుకుని చదవండి. తాతయ్య "నేను కులాసా, వానలు బాగా పడుతున్నాయి" అని రాసిన వారం ఆయన దళం రాత్రింబవళ్లు గుళ్లు పేలుస్తూనే ఉంది. ఆ ఉత్తరం దాచుకున్న నాయనమ్మకు ఈ సంగతి చెప్పాలనుంది, కానీ ఆవిడ పోయి పదకొండేళ్లయింది.