ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు పేరుతో హోస్టింగ్ కంపెనీ అమ్మకాలు మొదలుపెడితే

అనంతపురంలోనో కడపలోనో నలుగురు కలిసి కిరాణా షాపుల కోసం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసి, ‘జొన్నగింజ’ అని పేరుపెట్టి ఓపెన్ సోర్స్‌గా, అంటే ఎవరైనా కోడ్ తీసుకుని వాడుకునేలా, మార్చుకునేలా వదిలారనుకుందాం. తర్వాత ఒక హోస్టింగ్ కంపెనీ ఆ కోడ్‌నే తన సర్వర్లలో పెట్టి, ‘జొన్నగింజ క్లౌడ్’ అని నెలవారీ చందాకు అమ్ముతోంది. కోడ్ వాడుకున్నందుకు ఏమీ అనలేరు, ఆ లైసెన్సు ఇచ్చింది మీరే. పేరు సంగతి వేరు. ట్రేడ్‌మార్క్ హక్కు, అంటే పేరు మీద హక్కు, ఇవ్వడం లేదని అపాచీ 2.0 అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు 6వ సెక్షన్ సూటిగా చెబుతుంది. జీపీఎల్ 3 అనే మరో లైసెన్సులో ఆ షరతును 7వ సెక్షన్ కింద మీరే చేర్చుకోవాలి. ఎంఐటీ లైసెన్సులో ట్రేడ్‌మార్క్ ఊసే లేదు కాబట్టి కోడ్‌తో పాటు ఉండే రీడ్‌మీ ఫైల్లో పేరు హక్కు ఇవ్వడం లేదని ఒక వాక్యం రాసిపెట్టండి.

పేరును ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేసుకోవాలంటే ‘కర్నూలు బిల్లింగ్’ లాంటి పేర్లు వద్దు. ఊరి పేరు, చేసే పని తప్ప మరేమీ చెప్పని పేరుకు ట్రేడ్‌మార్క్స్ చట్టం 9వ సెక్షన్ కింద అభ్యంతరం వస్తుంది. ట్రేడ్‌మార్కులు నమోదు చేసే ప్రభుత్వ ‘ఐపీ ఇండియా’ సైట్‌లో వర్డ్‌మార్క్ (అక్షరాలు), ఫొనెటిక్ (ఉచ్చారణ) రెండు రకాలుగానూ వెతికాకే టీఎం-ఎ అనే దరఖాస్తు ఫారం వేయండి. ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి, ఆన్‌లైన్‌లో వేస్తే అక్కడిదాకా పోయే పనిలేదు. ఫీజు క్లాసుకు (సరుకు లేదా సేవ రకానికి) ఇంత అని లెక్క: వ్యక్తికి, స్టార్టప్‌కు, చిన్న సంస్థకు ₹4,500, ట్రస్టు, సొసైటీ లాంటి మిగతావారికి ₹9,000. డౌన్‌లోడ్ చేసుకునే సాఫ్ట్‌వేర్ 9వ క్లాసు, సర్వర్ మీద నడిపి అందించే సేవ 42వ క్లాసు. చాలామంది డబ్బు మిగుల్చుకోవాలని 9తో ఆపేస్తారు. హోస్టింగ్ కంపెనీతో తగాదా వచ్చేది 42లోనే, అందుకే రెండూ వేయండి.

ఫలానా తేదీ నుంచి వాడుతున్నామని రాస్తే అఫిడవిట్‌తో పాటు రుజువులు జతచేయాలి: మొదటి విడుదల పేజీ, డౌన్‌లోడ్ రికార్డులు, ఇన్‌వాయిస్‌లు. ట్రేడ్‌మార్క్ కార్యాలయం పంపే పరీక్ష నివేదికలో అభ్యంతరాలుంటే అది అందిన రోజు నుంచి నెలలోగా జవాబివ్వాలి, ఆలస్యమైతే దరఖాస్తు చేజారుతుంది. ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో పేరు అచ్చయ్యాక 4 నెలలు ఎవరైనా వ్యతిరేకించవచ్చు. రిజిస్ట్రేషన్ వస్తే 10 ఏళ్లు చెల్లుతుంది, ఆపైన పొడిగించుకోవచ్చు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఆలోచించాల్సింది పేరు ఎవరి చేతిలో ఉండాలన్నది. ప్రాజెక్టుకు చట్టంలో ఉనికి లేదు, కాబట్టి ట్రస్టో సొసైటీయో పెట్టి దాని పేరు మీద వేయడమే మంచిది. నలుగురిలో ఒకరి సొంత కంపెనీ మీద వేస్తే, ఆ కంపెనీ కూడా హోస్టింగ్ అమ్మడం మొదలుపెట్టిన రోజున మిగతా ముగ్గురి మాట చెల్లదు. వెబ్‌సైట్లు నడిపే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ పేరును ఆటోమాటిక్ సంస్థ 2010లో వర్డ్‌ప్రెస్ ఫౌండేషన్‌కు బదిలీ చేసింది, వాణిజ్య వాడకపు హక్కును మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. 2024లో డబ్ల్యూపీ ఇంజిన్ అనే హోస్టింగ్ కంపెనీని ఆదాయంలో 8 శాతం అడిగింది ఆ హక్కు పేరు మీదే.

పేరు వాడకపు నియమాలను తగాదా రాకముందే పేజీలో పెట్టండి. ‘జొన్నగింజ కోసం హోస్టింగ్’ అనొచ్చు, ‘జొన్నగింజ క్లౌడ్’ అనకూడదు. కంపెనీ పేరులో, డొమైన్‌లో ప్రాజెక్టు పేరు కలపకూడదు. కోడ్ మార్చి అమ్మితే పేరు కూడా మార్చాలి. సాఫ్ట్‌వేర్ ఏదో చెప్పడానికి పేరు ఎత్తడాన్ని కూడా నిషేధించకండి, 30వ సెక్షన్ ముందు అది నిలవదు.

తగాదా వచ్చాక ముందు ఆధారాలు పట్టుకోండి: తేదీ, చిరునామా కనబడే స్క్రీన్‌షాట్లు, పొరబడిన కస్టమర్ల మెయిళ్లు. కోర్టులో వీటికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం, హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంఖ్య) కావాలి. ఆ తర్వాత మర్యాదగా ఒక ఉత్తరం: ఏ పేజీలో ఏ మాట తీయాలో, బదులుగా ఏం రాసుకోవచ్చో చెబుతూ 30 రోజుల గడువు ఇవ్వండి. చాలావరకు ఇక్కడే తెగిపోతుంది. ఆధారం లేని బెదిరింపు నోటీసు పంపితే ట్రేడ్‌మార్క్స్ చట్టం 142వ సెక్షన్ కింద అవతలివారే మీమీద దావా వేయొచ్చు.

ఎంత కోపమొచ్చినా అప్‌డేట్ సర్వర్‌ను ఆయుధంగా వాడొద్దు. 2024 సెప్టెంబరులో అప్‌డేట్లు అందించే వర్డ్‌ప్రెస్.ఆర్గ్ సైట్ నుంచి డబ్ల్యూపీ ఇంజిన్‌ను కత్తిరించినప్పుడు ఇబ్బంది పడింది ఈ గొడవతో సంబంధం లేని సైట్ల యజమానులు. కాలిఫోర్నియా కోర్టు డిసెంబరు 10న మధ్యంతర ఉత్తర్వుతో దాన్ని వెనక్కి తిప్పింది.

కోర్టు దారి పొడవైనది. అమెజాన్ మీద ఎలాస్టిక్‌సెర్చ్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఎలాస్టిక్ సంస్థ 2019లో వేసిన పేరు దావా 2022లో రాజీతో ముగిసింది, ఈలోగా అమెజాన్ అదే కోడ్ నుంచి ఓపెన్‌సెర్చ్ అనే వేరు సాఫ్ట్‌వేర్‌నే తయారుచేసుకుంది. మన దగ్గర పేరు రిజిస్టరై ఉంటే, ట్రేడ్‌మార్క్స్ చట్టం 134వ సెక్షన్ ప్రకారం యజమాని ఉండే చోటి పరిధిలోని కోర్టులోనే దావా వేసే వీలుంది. రిజిస్టర్ కాకపోయినా దావా వేయొచ్చు గానీ ఆ వెసులుబాటు ఉండదు, మామూలుగా అవతలి కంపెనీ ఉన్న ఊరికో నష్టం జరిగిన చోటికో పోవాలి.