ఏఓఆర్ పరీక్షకు విశాఖ నుంచి ఢిల్లీ వెళ్లే లాయర్లకు జాగ్రత్తలు

సుప్రీంకోర్టులో క్లయింటు తరఫున కేసు ఫైల్ కావాలంటే దాని మీద అడ్వకేట్ ఆన్ రికార్డ్ (ఏఓఆర్) సంతకం ఉండాలి. ఆ సంతకం పెట్టే అర్హతకు రాసే పరీక్షలో నాలుగు పేపర్లు, వరసగా ప్రొసీజర్, డ్రాఫ్టింగ్, ఎథిక్స్, లీడింగ్ కేసులు. ఒక్కోటి మూడు గంటలు, వంద మార్కులు, అంతా చేతిరాతే. 2024లో జూన్ 10, 11, 14, 15 తేదీల్లో పెట్టారు, 2025లో జూన్ 16, 17, 20, 21 తేదీల్లో. అంటే ఢిల్లీలో వడగాడ్పులు వీచే రోజులు. జిల్లా కోర్టులో గడగడా వాదించేవాళ్లు కూడా ఇందులో చతికిలపడతారు. లా తెలియక పోయేది తక్కువ. చెయ్యి, గడియారం, మధ్యలో వచ్చే ఖాళీ రోజులు, వీటి దగ్గరే ఎక్కువగా పోతుంది.

ముందు మార్కుల లెక్క చూడండి. ప్రతి పేపర్లో 50 రావాలి, దాంతోపాటు మొత్తం మీద 60 శాతం, అంటే 400కి 240 రావాలి. నాలుగింట్లోనూ సరిగ్గా 50 తెచ్చుకున్నవాళ్లకు 200 వస్తాయి, ఇంకా 40 తక్కువ. కాబట్టి "గట్టెక్కితే చాలు" అనే లెక్క ఇక్కడ పనికిరాదు. ప్రొసీజర్‌లో, లీడింగ్ కేసుల్లో 50కి దగ్గరగా ఆగిపోతామని భయం ఉన్నవాళ్లు డ్రాఫ్టింగ్, ఎథిక్స్ పేపర్లలో చెరో 70 లాగాలి. ఇంకో నిబంధన ఉంది, చాలామంది పట్టించుకోరు. ఒకే ఒక్క పేపర్లో 50 రాకపోయినా, అందులో కనీసం 40 వచ్చి, మిగతా మూడింట్లో కలిపి 60 శాతం, అంటే 300కి 180 ఉంటే, తర్వాత ఒకసారి ఆ ఒక్క పేపరే రాసుకోనిస్తారు. అందుకే మొదటి రోజు పేపరు చెడిందని సూట్‌కేసు సర్దేయడం శుద్ధ తెలివితక్కువ పని. అవకాశాలు మొత్తం ఐదు, ఒక్క పేపరుకు కూర్చున్నా ఒక అవకాశం ఖర్చయినట్టే. సరిగ్గా సిద్ధం కాకుండా "చూసొద్దాం" అని బయల్దేరకండి. అన్ని పేపర్లూ పోతే ఆ తర్వాతి పరీక్షకు కూర్చోనివ్వరు.

ఇక చెయ్యి. స్టెనోకు చెప్పి రాయించడం, కంప్యూటర్‌లో పాత డ్రాఫ్టు తెరిచి పేర్లు మార్చడం అలవాటైన చేత్తో మూడు గంటలు ఏకబిగిన రాయడం మామూలు సంగతి కాదు. గంటన్నర దాటాక బొటనవేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది, అక్షరం పెద్దదవుతుంది, వేగం పడిపోతుంది. పెన్ను గట్టిగా బిగించి పట్టడం, మణికట్టును బల్ల అంచు మీద వేలాడదీయడం దీనికి కారణాలు. ముంజేయి మొత్తం బల్ల మీద ఆనాలి. వేసవి సెలవుల్లో వాయిదాలు ఉండవు కాబట్టి మే నెలను ఇందుకే వాడుకోండి. మొదటి వారం రోజుకు 40 నిమిషాలు, రెండో వారం గంటన్నర, మూడో వారం నుంచి రోజు విడిచి రోజు పూర్తి మూడు గంటలు, అదీ ఉదయం పూటే. ఇంట్లో కుదరకపోతే ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చోండి. అక్కడ ఫోను మోగితే పక్కవాళ్లు ఊరుకోరు, అదీ మంచిదే. పరీక్షకు ముందు మూడు రోజులు మాత్రం గంటకు మించి రాయకండి. కొత్త పెన్నులు వద్దు. నెలరోజులుగా రాస్తున్న పెన్నులే నాలుగు పట్టుకెళ్లండి. చెమట చేతులవాళ్లకు జెల్ పెన్ను అలుక్కుపోతుంది, బాల్ పెన్నుకు ఎక్కువ నొక్కాలి. మీకు ఏది సరిపోతుందో మే నెలలోనే తేలిపోవాలి.

గడియారం లెక్క సులభమే, పాటించడమే కష్టం. 180 నిమిషాల్లో ప్రశ్నపత్రం చదవడానికి 10, చివర్లో సరిచూసుకోవడానికి 10 తీసేస్తే 160 మిగులుతాయి. అంటే మార్కుకు ఒక నిమిషం 36 సెకన్లు. 10 మార్కుల ప్రశ్నకు 16 నిమిషాలు, 20 మార్కులదానికి 32. మొదటి ప్రశ్న బాగా వచ్చు కదా అని దానికే 50 నిమిషాలు పోస్తే, చివరి ప్రశ్న నాలుగు లైన్లతో ముగుస్తుంది. 32 నిమిషాలు అవగానే వాక్యం పూర్తిచేసి, అర పేజీ ఖాళీ వదిలి, తర్వాతిదానికి వెళ్లిపోవాలి.

డ్రాఫ్టింగ్ పేపర్లో మన వైపు లాయర్లు చేసే తప్పు ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. మన హైకోర్టులో రిట్ వేసేటప్పుడు కథంతా అఫిడవిట్‌లో చెప్పి, పిటిషన్‌ను పొట్టిగా ముగిస్తాం. సుప్రీంకోర్టులో అలా కాదు. వాస్తవాలు సినాప్సిస్ (కేసు సారాంశం), లిస్ట్ ఆఫ్ డేట్స్‌లో, పిటిషన్‌లో ఉండాలి. అఫిడవిట్ వాటిని ధ్రువీకరించే రెండు మూడు పేరాల కాగితం మాత్రమే. పరీక్షలో పాత అలవాటుతో ఐదు పేజీల అఫిడవిట్ రాసి, కోర్టును ఏం కోరుతున్నారో చెప్పే ప్రేయర్ దగ్గరకొచ్చేసరికి గంట కొట్టించుకునేవాళ్లున్నారు.

కింది కోర్టు తీర్పు మీద అప్పీలుకు అనుమతి అడిగే స్పెషల్ లీవ్ పిటిషన్ (ఎస్‌ఎల్‌పీ) నమూనా ఫారం 28. దాని వరస కంఠతా రావాలి. పైన కోర్టు పేరు, 136వ అధికరణ ప్రస్తావన, పార్టీల పట్టిక. ఆ పట్టికలో హైకోర్టులో ఎవరు ఏ స్థానంలో ఉన్నారు, ఇక్కడ ఏ స్థానంలో ఉన్నారు అనే రెండు గడులు మరవకూడదు. మొదటి పేరాలో ఏ తీర్పు మీద వచ్చారో, రెండులో లా ప్రశ్నలు, మూడులో రూల్ 3(2) కింద డిక్లరేషన్, నాలుగులో రూల్ 5 కింద డిక్లరేషన్, ఐదులో గ్రౌండ్స్, ఆరులో మధ్యంతర ఉత్తర్వుకు గ్రౌండ్స్, ఏడులో మెయిన్ ప్రేయర్, ఎనిమిదిలో మధ్యంతర ప్రేయర్. ఎక్కువగా ఎగిరిపోయేవి మూడు, నాలుగు పేరాలే. చూడ్డానికి లాంఛనంలా ఉంటాయి కాబట్టి వదిలేస్తారు. చివర సర్టిఫికెట్, అఫిడవిట్. లీవ్, అంటే ఆ అనుమతి, రానంతవరకు మీ క్లయింటు పిటిషనరే, అప్పెల్లెంట్ కాదు. డ్రాఫ్టు కింద అడ్వకేట్ పేరు రాయాల్సిన చోట సొంత పేరు, సొంత ఊరు రాయకండి, ఏబీసీ అని వదిలేయండి. జవాబుపత్రంలో మనిషి ఎవరో తెలిసే గుర్తు ఉండకూడదు.

ప్రొసీజర్ పేపర్లో సుప్రీంకోర్టు రూల్స్ 2013 దగ్గర పెట్టుకుని కాలపరిమితులన్నీ ఒకే కాగితం మీద రాసుకోండి. ఎస్‌ఎల్‌పీకి హైకోర్టు తీర్పు నుంచి 90 రోజులు, అప్పీలుకు తగిన కేసని హైకోర్టు ఇచ్చే సర్టిఫికెట్ నిరాకరిస్తే ఆ ఉత్తర్వు నుంచి 60 రోజులు, రివ్యూకు 30 రోజులు. ఈ 60, 90 తారుమారైతే ప్రశ్నంతా పోతుంది. క్రిమినల్ కేసు ట్రాన్స్‌ఫర్ పిటిషన్‌కు పాత సీఆర్‌పీసీ 406 సెక్షన్ నాలుక మీద ఆడుతుంటుంది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 446 వచ్చింది. రెండూ రాయండి. సివిల్ కేసు ట్రాన్స్‌ఫర్‌కు మాత్రం సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 25 అలాగే ఉంది.

ఎథిక్స్‌ను తేలిగ్గా తీసుకోవద్దు, 70 లాగాల్సింది ఇక్కడే. బార్ కౌన్సిల్ రూల్స్‌తో పాటు తీర్పులు జతచేస్తేనే మార్కులు. ఫీజు రాలేదని క్లయింటు కేసు కట్ట ఆపుకునే హక్కు లేదని చెప్పిన ఆర్.డి. సక్సేనా (2000), లాయర్లకు సమ్మె హక్కు లేదన్న హరీష్ ఉప్పల్ (2003), కోర్టు ధిక్కారానికి శిక్షగా సన్నదు (లాయరు లైసెన్సు) రద్దు చేయలేమన్న సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ కేసు (1998) తప్పనిసరి. ఏఓఆర్ కేవలం పేరు అరువిచ్చి ఊరుకోవడం దుష్ప్రవర్తన అని రూల్స్‌లోనే ఉంది. మీరు చేయబోయే వృత్తి గురించే కాబట్టి ఇది మరీ బాగా చదవాలి.

లీడింగ్ కేసుల జాబితా పరీక్ష నోటీసుతో పాటు వస్తుంది. దాన్నే నమ్మండి, నిరుటి గైడును కాదు. ఒక్కో కేసుకు ఆరు లైన్లే ఉండాలి. వివాదం ఏమిటి, ఎంతమంది ధర్మాసనం, ఏం తేల్చారు, ఎందుకు, ముందున్న ఏ తీర్పు పోయింది, ఇప్పుడు ఎక్కడ పనికొస్తుంది. కేశవానంద భారతి అనగానే మఠం భూముల కథ రెండు పేజీలు రాసి, 13 మందిలో 7–6తో తేలిన మౌలిక స్వరూప సూత్రానికి రెండు లైన్లు ఇస్తే మార్కులు ఎక్కడ నుంచి వస్తాయి?

పై రెండేళ్ల తేదీలు మళ్లీ చూడండి. రెండు పేపర్లు, రెండు రోజుల ఖాళీ, మళ్లీ రెండు పేపర్లు. అందరూ ఆ రెండు రోజులూ మూడో పేపరుకే పెట్టేసుకుంటారు. అప్పుడు లీడింగ్ కేసులకు ఎథిక్స్ రాసొచ్చాక మిగిలే సాయంత్రం ఒక్కటే గతి, అప్పటికి చెయ్యీ బుర్రా రెండూ అలిసి ఉంటాయి. రెండో పేపరు రాసిన సాయంత్రం చదువు మానేసి పడుకోండి. ఖాళీ మొదటి రోజంతా ఎథిక్స్, రెండో రోజు మధ్యాహ్నం దాకా లీడింగ్ కేసులు, సాయంత్రం మళ్లీ ఎథిక్స్ ఒకసారి. రాసేసిన పేపర్ల గురించి వాట్సాప్ గ్రూపులో చర్చలకు దిగకండి, చివరి పేపరు అయ్యేదాకా ఆ గ్రూపును మ్యూట్ చేసినా నష్టం లేదు. ఖాళీ ఉంది కదా అని ఇంటికి వచ్చిపోవడం అసలే వద్దు.

ప్రయాణం సంగతి. ఏపీ ఎక్స్‌ప్రెస్ గానీ, నిజాముద్దీన్ వెళ్లే సమతా గానీ ముప్పై గంటలు దాటే ప్రయాణం, ఆలస్యమైతే ఇంకా పైన. కనీసం మూడు రోజుల ముందు ఢిల్లీలో దిగండి. విమానంలో వెళ్లేవాళ్లు పెన్నులు, హాల్ టికెట్, ఒరిజినల్ కార్డులు చెక్-ఇన్ సామానులో వేయకండి. సెంటర్ ఎక్కడో చూసుకుని, అక్కడికి మెట్రో మారకుండా వెళ్లగలిగే లైన్ మీదే గది తీసుకోండి. ఒక రోజు ముందు అదే టైముకు వెళ్లి చూసి రండి.

విశాఖలో చెమటకు చొక్కా తడుస్తుంది కాబట్టి నీళ్లు గుర్తొస్తాయి. ఢిల్లీ పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలియదు, పట్టిన వెంటనే ఆరిపోతుంది. తలనొప్పి వచ్చేదాకా ఒళ్లు ఎండిపోయిందని తెలుసుకోరు. దిగిన రోజు నుంచే దాహం వేయకపోయినా గంటగంటకూ తాగండి. లీటరు ఓఆర్‌ఎస్ ప్యాకెట్టును లీటరు నీళ్లలోనే కలపాలి, చిక్కగా ఉంటే మంచిదని సగం నీళ్లు పోయకూడదు. ఆంధ్రాభవన్ క్యాంటీన్ భోజనం ఢిల్లీ వెళ్లిన తెలుగువాళ్ల తొలి మొక్కు. దాన్ని పేపరు రాసి వచ్చాక తీర్చుకోండి. పరీక్ష ముందు రాత్రి పప్పు, పెరుగన్నం చాలు.

కాగితాల్లో మనవాళ్లకు వచ్చే చిక్కు ఇంటిపేరు. ఎన్‌రోల్‌మెంట్‌లో పొడి అక్షరాలు, ఆధార్‌లో పూర్తి పేరు, ఏఓఆర్ దగ్గర చేసిన ట్రైనింగ్ సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటే గేటు దగ్గర గొడవ. దరఖాస్తు పెట్టేటప్పుడే మూడూ ఒకటిగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ ఏడాది ట్రైనింగ్ మొదలుపెట్టే రోజుకే బార్ కౌన్సిల్ రోల్‌లో నాలుగేళ్లు నిండి ఉండాలి. పరీక్ష రోజుకు నిండితే సరిపోదు.

పాసైతే రిజిస్ట్రేషన్‌కు ఢిల్లీలో, సుప్రీంకోర్టుకు 16 కిలోమీటర్ల లోపు ఆఫీసు చూపించాలి, నెలలోగా రిజిస్టర్డ్ క్లర్కును పెట్టుకుంటానని రాసివ్వాలి. మహారాణిపేటలో ఆఫీసు నడుపుతూ అక్కడా ఒకటి తెరవాలంటే అద్దె ఎంతవుతుందో, ఎవరితో కలిసి పంచుకోవచ్చో ట్రైనింగ్ ఏడాదిలోనే మీ సీనియర్ గారితో మాట్లాడి పెట్టుకోండి.