కంకర దారికి కార్బన్ సైకిల్ – 3వ పాఠం: ముందు సందు కొలవండి

గత రెండు పాఠాల్లో మీ కాళ్ల పొడవు కొలుచుకున్నాం, ఏ సైజు ఫ్రేమ్ సరిపోతుందో తేల్చుకున్నాం. ఈసారి కంకర రోడ్ల మీద తొక్కడానికి పాత కార్బన్ సైక్లోక్రాస్ సైకిల్ ఒకటి చూసేందుకు, దాన్ని అమ్మేవాళ్ల గ్యారేజీకి వెళ్తున్నాం. సంచిలో అలెన్ కీల సెట్టు, వెర్నియర్ కాలిపర్, ఒక నాణెం, ఫోన్ టార్చి ఉంటే చాలు. కాలిపర్ ప్లాస్టిక్‌దైనా ఫర్వాలేదు.

సైక్లోక్రాస్ సైకిల్ కంకర కోసం పుట్టింది కాదు. ఫ్రాన్స్, బెల్జియంలలో చలికాలం పూట పొలాల్లో, పార్కుల్లో, బురదలో గంటసేపు సాగే పందెం కోసం పుట్టింది. ఆ పందేల్లో టైరు 33 మి.మీ. దాటకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య (యూసీఐ) నిబంధన. టైరు సన్నదే అయినా దాని చుట్టూ ఫ్రేమ్‌లో బాగా ఖాళీ వదులుతారు, బురద చుట్టుకున్నా చక్రం తిరగాలి కాబట్టి. మనం ఆ బురద కోసం వదిలిన ఖాళీలోనే లావు టైరు పెట్టుకుంటున్నాం. 40 మి.మీ. టైరు పెట్టాక అదే సైకిల్‌ను బురదలోకి తీసుకెళ్తే అది ఇక సైక్లోక్రాస్ సైకిల్‌లా పనిచేయదు. టైరుకూ ఫ్రేమ్‌కూ మధ్య ఉన్న ఒక్క సందును రెండు పనులకూ వాడుకోలేం. ఈ పాఠంలో మిగతా లెక్కలన్నీ దీని మీదే ఆధారపడతాయి.

నేనుండేది కాన్సాస్‌లో, ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో. కారులో గంటన్నర పోతే ఎంపోరియా, దాని చుట్టూ ఫ్లింట్ హిల్స్. ఫ్లింట్ అంటే మన చెకుముకి రాయి. అక్కడి సున్నపురాయి పొరల మధ్య ఈ రాయి ఉంటుంది. విరిగితే అంచు కత్తిలా తేలుతుంది. 2006లో మొదలైన 200 మైళ్ల పందెం, ఇప్పుడు అన్‌బౌండ్ గ్రావెల్ అంటున్నది, ఈ రోడ్ల మీదే జరుగుతుంది. 2023లో ఆ పందెం తొలి మైళ్లలోనే బంకమట్టి చక్రాలకు పట్టేసి, ఎంతోమంది సైకిళ్లు భుజాన వేసుకుని నడిచారు. పెయింట్ కలిపే చెక్కపుల్లలతో మట్టి గీక్కుంటూ ముందుకు పోయారు. సందు తక్కువైతే ఏమవుతుందో చూడాలంటే ఆ రోజు ఫోటోలు చాలు.

నాకైతే అది బురద వల్ల కాదు, ఒక్క రాయి వల్ల తెలిసింది. నా మొదటి సైక్లోక్రాస్ ఫ్రేమ్‌లో 42 టైరు దూరింది కదా అని పెట్టేశాను. పక్కన 2 మి.మీ. ఖాళీ ఉంది, ఎక్కడా తగలడం లేదు, చాలనుకున్నాను. ఎంపోరియాకు పడమటి వైపు రోడ్డు మీద టైరు గాడిలో చిన్న చెకుముకి ముక్క ఇరుక్కుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ చైన్‌స్టే, అంటే వెనక చక్రం పక్కనుండే ఫ్రేమ్ గొట్టం, లోపలి వైపు గీసింది. చప్పుడు వినిపించినా గాలికి ఏదో అనుకుని ఆగలేదు. సాయంత్రం ఇంటికొచ్చి కడుగుతుంటే పెయింట్ పోయి, దాని కింద నల్లగా కార్బన్ నేత కనిపించింది. గోటితో తాకితే దారపు పోగులు లేచాయి. ఆ ఫ్రేమ్‌కు రిపేరు చేయించాను, ఇప్పటికీ బాగానే ఉంది. కానీ ఆ రాత్రి పడ్డ టెన్షన్ మీకు వద్దు.

సందు కొలిచే పద్ధతి

సైకిల్‌ను తలకిందులు చేయకండి, నిలబెట్టే ఉంచండి. టైరులో గాలి నిండుగా ఉండాలి. ముందు కాలిపర్‌తో టైరు అసలు వెడల్పు కొలవండి. పక్కన ముద్రించిన అంకెను నమ్మొద్దు. లోపలి వెడల్పు ఎక్కువున్న రిమ్ముకు ఎక్కిస్తే అదే టైరు ఇంకా లావవుతుంది. రిమ్ము లోపల 1 మి.మీ. పెరిగితే టైరు దాదాపు 0.4 మి.మీ. పెరుగుతుందని లెక్క వేసుకోండి. 19 రిమ్ము మీద 38 ఉన్న టైరు, 25 రిమ్ము మీద 40 దాటుతుంది.

తరువాత అలెన్ కీలు తీయండి. చైన్‌స్టేలు అంటే పెడల్ ఇరుసు దగ్గర నుంచి వెనక చక్రం ఇరుసు దాకా పోయే రెండు గొట్టాలు. టైరుకూ చైన్‌స్టేకూ మధ్య కీ పొడవాటి కాడను నిలువుగా దూర్చండి. 5 మి.మీ. కీ దూరితే 6, 6 దూరితే 8. ఏది కొద్దిగా పట్టుకుని దూరుతుందో అదే మీ సందు. రెండు వైపులా చూడండి. చక్రాన్ని ఒక చుట్టు మెల్లగా తిప్పుతూ ఎక్కడ సందు అన్నిటికన్నా తగ్గుతుందో అక్కడ రాసుకోండి.

మొన్న వసంతంలో ఒక మిత్రుడి కోసం చూసిన సైకిల్ అంకెలు చెబుతాను. టైరు మీద 33 అని ఉంది, కాలిపర్ 34 చూపించింది. రెండు పక్కలా 8 కీ దూరింది. 34కు రెండు ఎనిమిదులు కలిపితే ఆ చోట ఫ్రేమ్ లోపలి వెడల్పు 50. పక్కకు 5 చొప్పున వదిలేస్తే టైరుకు మిగిలేది 40. అంటే కొలిస్తే 40 వచ్చే టైరు, ముద్ర మీద 38 ఉన్నది. 5 కన్నా తక్కువ వదలొద్దని నా గట్టి మాట. ఎండకాలం తప్ప బయటికి తీయం అనేవాళ్లు 4తో సరిపెట్టుకుంటారు. నేను మాత్రం ఒప్పుకోను, రాయికి ఎండైనా వానైనా ఒకటే.

పక్కలతో అయిపోలేదు. టైరు లావెక్కితే ఎత్తు కూడా పెరుగుతుంది. ముందు ఫోర్కు తల కింద, వెనక సీటు గొట్టం దగ్గర, వెనక చక్రం పైన రెండు సన్నగొట్టాలను కలిపే అడ్డ దగ్గర ఇదే కీతో చూడండి. ముందు డిరైలర్ (చైన్‌ను ఒక గేరు నుంచి ఇంకోదానికి జరిపే భాగం) ఉన్న సైకిళ్లలో దాని అడుగు భాగమే మొదట తగిలే అవకాశం ఉంది.

ఎడమ, కుడి సందులు సమానంగా లేకపోతే వెంటనే ఫ్రేమ్ వంకర అనుకోకండి. చక్రం సరిగ్గా మధ్యకు లేకపోయినా అలాగే కనిపిస్తుంది. వేరే చక్రం పెట్టి చూస్తే తేలిపోతుంది. ఒక్క జాగ్రత్త: 2017 నుంచి కొన్నేళ్లు వచ్చిన కానన్‌డేల్ సూపర్‌ఎక్స్‌లో వెనక చక్రం రిమ్మును కావాలనే 6 మి.మీ. పక్కకు లాగి కట్టేవారు. మామూలు చక్రం అందులో మధ్యకు రాదు, స్పోకులు మళ్లీ బిగించాలి. ఆ సైకిల్ కొనేవాళ్లు తరువాత చక్రాలు మార్చాలనుకుంటే ఈ ఖర్చు కూడా కలుపుకోవాలి. స్పెషలైజ్డ్ క్రక్స్ చూస్తుంటే ఏ సంవత్సరానిదో అడగండి. 2021 చివర్లో వచ్చిన క్రక్స్ పేరుకే పాతది, అది 47 మి.మీ. టైరు పట్టే గ్రావెల్ (కంకర) సైకిల్. అంతకు ముందువి అసలైన సైక్లోక్రాస్ ఫ్రేములు.

కార్బన్‌ను చేత్తో, చెవితో చూడటం

పందెం సైకిల్ ఎక్కువ దూరం తిరిగి ఉండదు, కానీ ప్రతి పందెం తరువాతా నీళ్ల గన్నుతో కడిగి ఉంటారు. అందుకే కార్బన్ కన్నా ముందు బేరింగులు పోతాయి. చైన్ తీసి పక్కకు వేసి క్రాంక్‌ను (పెడల్ కాడను) తిప్పండి, ఇసుక నలిగినట్టు చేతికి తెలిస్తే బేరింగు మార్చాలి. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపితే హ్యాండిల్ మెడ దగ్గర టకటకలాడకూడదు. ఇవి బేరం తగ్గించుకోవడానికి పనికొచ్చే లోపాలు, సైకిల్ వదిలేయాల్సినవి కావు.

ఫ్రేమ్ వంతు వచ్చినప్పుడు తొందరపడకండి. సైకిల్ బాగా శుభ్రంగా ఉండాలి, లేదంటే తడిగుడ్డతో మీరే తుడవండి. టార్చిని ఎదురుగా కాకుండా గొట్టం వెంబడి పక్కనుంచి వేయండి, సన్న గీతలు నీడతో పైకి తేలతాయి. చైన్‌స్టేల లోపలి వైపు, చైన్ పడిపోయి ఇరుక్కునే చోటు, కింది గొట్టం అడుగున రాళ్లు తగిలే భాగం, ఫోర్కు తల, సీటు బిగించే పట్టీ చుట్టూ చూడండి. గీత మీద గోరు అడ్డంగా లాగితే జారిపోయిందా, అది పెయింట్ గీతే. గోరు తట్టుకుంటే అప్పుడు నాణెం తీయండి.

నాణెంతో మెల్లగా తడుతూ గొట్టం వెంబడి పోవాలి. బాగున్న కార్బన్ ఖంగుమంటుంది. పొరలు విడిపోయిన చోట చప్పుడు మొద్దుబారుతుంది, తడిసిన అట్టముక్కను తట్టినట్టు. అయితే కీళ్ల దగ్గర గొట్టం మందంగా ఉంటుంది, అక్కడ చప్పుడు ఎలాగూ మారుతుంది. అందుకని ఎడమవైపు తట్టిన చోటే కుడివైపు కూడా తట్టి పోల్చండి. రెండూ ఒకేలా ఉంటే భయం లేదు. ఈ పరీక్షతో అనుమానం పుట్టించుకోవచ్చు గానీ ఫ్రేమ్ నిక్షేపంలా ఉందని సర్టిఫికెట్ ఇవ్వలేం. ఫోర్కు విషయంలో ఏ చిన్న అనుమానం వచ్చినా నేను కొనను.

ఇంకో పని చాలామంది మర్చిపోతారు. సీటును మోస్తూ ఫ్రేమ్ లోపలికి దిగే గొట్టాన్ని (సీట్‌పోస్ట్‌ను) బయటికి తీయమని అడగండి. అల్యూమినియం గొట్టం కార్బన్ ఫ్రేమ్‌లో ఏళ్ల తరబడి నీళ్లతో కలిసి కూర్చుంటే తుప్పులాంటి తెల్లపొర ఏర్పడి అతుక్కుపోతుంది. కదలకపోతే ఎత్తు సరిచేసుకోలేరు, బలవంతంగా లాగితే ఫ్రేమ్ చీలుతుంది. సులువుగా వచ్చిందంటే ఆ యజమాని సైకిల్‌ను బాగా చూసుకున్నాడనడానికి ఒక గుర్తు.

బ్రేకుల గురించి క్లుప్తంగా. పందేల్లో డిస్క్ బ్రేకులకు 2010లో అనుమతి వచ్చింది, కాబట్టి అంతకు ముందువి దాదాపు అన్నీ రిమ్ము బ్రేకులవే. వాటిని వదిలేయండి. డిస్క్ ఉన్నా వెనక ఇరుసు పాతకాలపు క్విక్ రిలీజ్‌దైతే (మీట తిప్పి వదులు చేసేది) ఇప్పటి చక్రాలు దొరకడం కష్టం. 142 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. త్రూ యాక్సిల్ (చక్రం గుండా దూరి ఫ్రేమ్‌లోకి మరలా బిగిసే ఇరుసు) ఉన్నదే తీసుకోండి.

కొన్నాక మొదటి ఖర్చు

చాలామంది ముందు కార్బన్ చక్రాల మీద పడతారు. నా సలహా అది కాదు: ముందు టైర్లు, తరువాత వెనక గేర్లు, మిగిలితే మిగతావి.

టైరు ట్యూబ్‌లెస్‌దే పెట్టండి, లోపల ఒక్కోదానికి 60 మి.లీ. సీలెంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) పోయండి. ఎండల్లో రెండు మూడు నెలలకే అది ఎండిపోతుంది, వాల్వు తీసి పుల్ల పెట్టి చూసుకోవాలి. 70 కిలోల మనిషికి 38–40 టైరులో ముందు 30, వెనక 33 పి.ఎస్.ఐ.తో మొదలుపెట్టండి. రిమ్ము రాయికి తగిలి టంగుమంటే రెండు పెంచండి, చేతులు తిమ్మిరెక్కితే రెండు తగ్గించండి. ఫ్లింట్ హిల్స్‌లాంటి చోట పక్కగోడలు మందంగా ఉన్న టైరే వాడాలి, బరువు కాస్త ఎక్కువైనా సరే. కోసుకుపోయేది పక్కనే.

ఇక గేర్లు. పాత సైక్లోక్రాస్ సైకిల్‌కు ముందు 46–36 పళ్ల చక్రాలు, వెనక 11–28 ఉండటం మామూలు. గంట పందెంలో ఏటవాలు వస్తే దిగి భుజాన వేసుకుని పరుగెత్తుతారు కాబట్టి వాళ్లకు చాలు. మనం 80 కి.మీ. దగ్గర గుట్ట ఎక్కాలి. లెక్క చూడండి. 40 టైరుతో చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. 36 ముందు, 28 వెనక ఉంటే పెడల్ ఒక చుట్టుకు సైకిల్ 2.8 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కినా గంటకు 10 కి.మీ. పోవాల్సిందే, అంతకన్నా మెల్లగా పోతే మోకాలి మీద భారం పడుతుంది. వెనక 34 పెడితే అదే 60 చుట్లకు వేగం 8.4కు దిగుతుంది. ముందు చిన్న చక్రం కూడా 34కు మారిస్తే 7.9. అలసిన కాలికి ఆ తేడా బాగా తెలుస్తుంది.

షిమానో 11 గేర్ల సైకిల్‌లో 34 పట్టే డిరైలర్ ఉందో లేదో దాని వెనక ముద్రించిన నంబరుతో ముందే సరిచూసుకోండి. 11–34 సెట్టును రోడ్డు సైకిల్ హబ్ (చక్రం నడిమి భాగం) మీద ఎక్కించేటప్పుడు అడుగున 1.85 మి.మీ. సన్నటి రింగు ముందు వేయాలి. అది మరిచిపోతే ఎంత బిగించినా గేర్ల సెట్టు అటూ ఇటూ కదులుతుంది. తరువాత చైన్. పాత చైన్ పొడవు ఇప్పుడు చాలకపోవచ్చు. ముందు పెద్దది, వెనక పెద్దది కలిసేలా చైన్ వేసి చూడండి. డిరైలర్ సాగిపోయి బిర్రబిగుసుకుంటే చైన్ పొట్టిది. అలాగే రోడ్డెక్కితే ఒక్క పొరపాటు గేరుకు డిరైలర్ ఊడి స్పోకుల్లో పడుతుంది.

ఇంటిపని

వచ్చే పాఠం నాటికి మీ సైకిల్‌కు, లేదా కొనబోయేదానికి, ఆరు అంకెలు రాసి ఉంచండి: వెనక టైరు అసలు వెడల్పు, చైన్‌స్టే దగ్గర ఎడమ సందు, కుడి సందు, ఫోర్కు తల కింద సందు, రిమ్ము లోపలి వెడల్పు, ముందువెనక గేర్ల పళ్లు. రిమ్ము వెడల్పు సాధారణంగా రిమ్ము మీదే ముద్రించి ఉంటుంది. హ్యాండిల్, సీటు బోల్టులు బిగించడానికి టార్క్ రెంచి ఒకటి కొనుక్కోండి. 4వ పాఠంలో దాన్ని 5 న్యూటన్ మీటర్లకు పెట్టి పని మొదలుపెడతాం.