మృగశిరకు ముందే బిల్డర్‌కు ఉత్తరం చేరాలి

రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు. మేడ మీద పిట్టగోడ స్లాబును కలిసే చోట సన్నని నెర్రె విచ్చేదీ ఆ ఎండల్లోనే. మృగశిర తొలివానకు అందులోంచి దిగిన నీరు పై అంతస్తువారి పడకగది కప్పు మీద పసుపు మచ్చగా తేలుతుంది. అప్పుడు బిల్డర్‌కు ఫోను చేస్తే ‘వానలు తగ్గనివ్వండి సార్, తడి మీద పని నిలవదు’ అంటారు. ఆ మాటలో నిజం ఉంది కాబట్టి మనం ఎదురు చెప్పలేం. అలా మరో ఏడాది గడిచిపోతుంది. కొత్త ఫ్లాటులో ఉంటున్నవారు మే మొదటి వారానికల్లా ఫిర్యాదు రాతపూర్వకంగా పంపాలని నేను పట్టుబట్టి చెప్పేది ఇందుకే.

2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఫ్లాటు స్వాధీనం చేసిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు లోపాన్ని బిల్డర్ దృష్టికి తెస్తే, అదనంగా రూపాయి తీసుకోకుండా 30 రోజుల్లో సరిచేయాలి. చేయకపోతే పరిహారం పొందే హక్కు కొన్నవారికి ఉంటుంది. ఇది స్తంభాలకు, స్లాబులకు మాత్రమే అనుకుని చాలామంది ఊరుకుంటారు. పనితనంలో, నాణ్యతలో, సదుపాయాల్లో ఉన్న లోపాలూ దీని కిందికే వస్తాయి. మే 5న ఉత్తరం అందితే ఆ 30 రోజులు జూన్ 4కు నిండుతాయి. అంటే మృగశిర ఇంకా ప్రవేశించకముందే.

ఐదేళ్ల లెక్క స్వాధీనం చేసిన రోజు నుంచి మొదలవుతుంది. గృహప్రవేశం తేదీనో రిజిస్ట్రేషన్ తేదీనో పట్టుకుని లెక్కవేస్తే పొరపాటు పడతారు. తాళాలిచ్చిన రోజు సంతకం చేసిన పత్రం బయటకు తీసి చూసుకోండి. నాలుగున్నరేళ్లు దాటినవారు ‘ఈ వానలు కూడా చూసి రాద్దాం’ అనుకోవద్దు.

నేను చేసిన తప్పు చెబుతాను. పడకగది గోడ చెమ్మగిల్లితే, ‘గోడ తడిగా ఉంది, త్వరగా చూడగలరు’ అని వాట్సాప్‌లో పెట్టాను. మర్నాడే పెయింటర్ వచ్చి గీకి, పుట్టీ పెట్టి, రెండు కోటింగులు రంగు వేసి వెళ్లాడు. మచ్చతో పాటు నా సాక్ష్యమూ పోయింది. నాలుగు నెలలకు ఆ పుట్టీ పొక్కులు పొక్కులుగా లేచి రాలింది. రెండోసారి ఇలా రాశాను: ‘తూర్పు పడకగదికి, బాత్రూముకు మధ్య ఉన్న గోడ మీద, నేల నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తు వరకు, 1.2 మీటర్ల పొడవున చెమ్మ ఉంది. రెండు రోజులు షవర్ వాడకపోతే ఆరుతోంది. వాడిన మర్నాడు మళ్లీ వస్తోంది.’ ఈసారి రంగు డబ్బాతో ఎవరూ రాలేదు. ప్లంబర్ వచ్చి, షవర్ కింద నాలుగు టైల్స్ తీసి చూస్తే, గోడలోని పైపు అతుకు దగ్గర నీరు బొట్లు బొట్లుగా కారుతోంది.

అందుకని, మీరు ఇంట్లో లేకపోయినా వచ్చిన మనిషి నేరుగా లోపం దగ్గరకు వెళ్లగలిగేంత వివరంగా రాయండి. ఏ గది, ఏ గోడ, ఎంత మేర, ఎప్పుడు మొదటిసారి కనిపించింది, ఎప్పుడు పెరుగుతోంది, ఇవన్నీ ఉండాలి. మచ్చ అంచు వెంబడి పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ వేయండి. వారానికి మచ్చ గీత దాటితే మళ్లీ గీయండి. పగులైతే రెండు కొనల దగ్గర గుర్తు పెట్టి, పక్కన స్కేలు ఉంచి ఫొటో తీయండి. దూలం అడుగున తుప్పు చారలు కనిపించినా, కాంక్రీటు పెచ్చులు ఊడుతున్నా అది వేరే సంగతి. ఆ కింద మంచం, ఉయ్యాల ఏవీ ఉంచకండి. ఆలస్యం చేయకుండా స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించి, ఆయన రాసిచ్చిన నివేదికను ఉత్తరానికి జతచేయండి.

‘కారణం కనుక్కుని సరిచేయండి, ఏ పని చేశారో రాసివ్వండి’ అని అడగండి. పని అయిన వెంటనే ‘సంతృప్తిగా ఉంది’ అనే కాగితం మీద సంతకం పెట్టించుకోవాలని చూస్తారు. పరీక్షించి చూడకుండా పెట్టకండి. బాత్రూము పనైతే ముందు జాలీ మూసి, నేల మీద నీళ్లు నిలిపి 24 గంటలు ఆగి, కింది ఫ్లాటువారి కప్పు చూడండి.

ఉత్తరాన్ని అమ్మకపు ఒప్పందంలో ఉన్న కంపెనీ చిరునామాకే పంపాలి. సైటు ఆఫీసులో ఇచ్చినది ఎక్కడైనా మాయం కావచ్చు. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి స్పీడ్ పోస్టులోనే పంపి, అందినట్లు రుజువు తీసుకోండి. అదే రోజు మెయిల్ కూడా చేయండి. మేడ, సెల్లారు, లిఫ్టు వంటి ఉమ్మడి భాగాల గురించి అసోసియేషన్ తరఫున వేరే ఉత్తరం వెళ్లాలి.

ముప్పై రోజులు గడిచినా కదలిక లేకపోతే, మీ రాష్ట్రంలోని రెరా ప్రాధికార సంస్థ ఉంది. 500 చదరపు మీటర్లు మించని స్థలంలో, లేదా 8 ఫ్లాట్లకు మించకుండా కట్టిన ప్రాజెక్టులకు రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అలాంటి చోట కొన్నవారికి వినియోగదారుల కమిషన్ దారి ఉంది. అక్కడ ఫిర్యాదు చేయడానికి గడువు రెండేళ్లే. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి సలహా తీసుకోవచ్చు.

ఈలోగా ఆగలేక సొంత ఖర్చుతో బాగు చేయించుకోవాల్సి వస్తే, ఆ సంగతి బిల్డర్‌కు ముందుగా రాసి, పనికి ముందు, మధ్యలో, తర్వాత ఫొటోలు తీసి, బిల్లులు దాచండి. తీసేసిన పైపు ముక్కను, పగిలిన టైలును చెత్తలో వేయనివ్వకండి. ఒక సంచిలో వేసి, పైన తేదీ, గది పేరు రాసి అటక మీద పెట్టండి.