అడవి నడకకు తేలికపాటి రివాల్వర్: కొనే ముందు వీసా చూసుకోండి

ఏప్రిల్ చివర సియాటిల్ తూర్పు కొండల మీద మంచు కరగడం మొదలయ్యేసరికి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, శనివారం రాటిల్‌స్నేక్ లెడ్జ్ ఎక్కుతున్నాం. దారిలో ఎలుగుబంట్లు ఉంటాయట. జేబులో పట్టే తేలికపాటి రివాల్వర్ ఏది మంచిది?" అడిగేవారు ఈ దేశానికి వచ్చి సాధారణంగా ఆరు నెలలు కూడా కాదు. వాళ్ళకు నేను తిరిగి వేసే ప్రశ్న ఒకటే: "నీది ఏ వీసా?"

ఆ ప్రశ్న చాలామందికి విడ్డూరంగా అనిపిస్తుంది. క్రీడా సామగ్రి దుకాణంలో చేపల గాలాల పక్కనే, అద్దాల బల్ల కింద తుపాకులు వరసగా పేర్చి ఉంటాయి. మన దగ్గర కలెక్టరు ఆఫీసు చుట్టూ తిరిగినా దొరకని లైసెన్సు ఇక్కడ అక్కర్లేదేమో అనిపిస్తుంది. కానీ ఎఫ్-1 మీద చదువుతున్నవారికీ, హెచ్-1బి మీద పనిచేస్తున్నవారికీ, వారితో హెచ్-4 మీద వచ్చినవారికీ ఆ అద్దాల బల్ల ఒక ప్రదర్శన మాత్రమే. 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టానికి 1998లో చేర్చిన నిబంధన ప్రకారం, తాత్కాలిక వీసా మీద వచ్చినవారి దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండటమే ఫెడరల్ నేరం. 2022 నుంచి దీనికి శిక్ష 15 ఏళ్ళ వరకు పెరిగింది. జైలు సంగతి అలా ఉంచినా, తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపేయడానికి అదొక్కటే చాలు.

చట్టం నిషేధించింది కొనడాన్ని ఒక్కటే కాదు, కలిగి ఉండటాన్ని కూడా. "నేను కొనలేదు, స్నేహితుడిది కాసేపు నా సంచిలో పెట్టాను" అన్నా చెల్లదు. ఆఫీసు బృందం సరదాగా షూటింగ్ రేంజ్‌కు వెళ్తోంది, అద్దె తుపాకీతో నాలుగు గుండ్లు కాల్చి వస్తాను అన్నా చెల్లదు. 2019లో అమెరికా సుప్రీం కోర్టు తీర్పు చెప్పిన రెహైఫ్ కేసులో నిందితుడు విద్యార్థి వీసా మీద వచ్చినవాడు. చదువు ఆగి వీసా హోదా పోయాక షూటింగ్ రేంజ్‌కు వెళ్ళి కాల్చాడు. తన హోదా ఏమిటో అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని కోర్టు అన్నది నిజమే. ఆ మాట కోసం అతను ఎన్ని మెట్లు ఎక్కాల్సి వచ్చిందో చూడండి.

ఒక మినహాయింపు ఉంది. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే ఫెడరల్ నిషేధం వర్తించదు. ఇది తెలిసినవారు "ఇంటర్నెట్‌లో పది నిమిషాల పని" అంటారు. అయితే వాషింగ్టన్ రాష్ట్రంలో తాత్కాలిక వీసాదారులకు విడిగా విదేశీయుల తుపాకీ లైసెన్సు కూడా కావాలి. ఏ కాగితం గడువు ఏ రోజున తీరుతుందో గుర్తుపెట్టుకుంటూ, ఆ తేదీ మీద జీవితాన్ని వేలాడదీసుకోవడం నాకు తెలివైన పనిగా కనిపించదు. ఆ దారే పట్టాలనుకుంటే ముందు వలస వకీలును అడగండి, నన్ను కాదు. శాశ్వత నివాసం కోసం పెట్టే ఐ-485 దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నంత మాత్రాన, ఈ నిషేధం వర్తించని గ్రీన్ కార్డు వచ్చేసినట్టూ కాదు.

గది పంచుకునేవారికి ఇంకో మాట. మీ రూమ్మేట్ పౌరుడై, అతనికి తుపాకీ ఉంటే, దాన్ని అతని గదిలో, అతని తాళం కింద ఉంచమనండి. ఆ తాళం చెవి ఎక్కడుంటుందో మీకు తెలియకపోవడమే మంచిది.

ఇక ఎలుగుబంట్ల విషయం. వాషింగ్టన్ కొండల్లో కనిపించేవి దాదాపు అన్నీ నల్ల ఎలుగులే. మనిషి అలికిడి వినగానే ఎక్కువగా అవే తప్పుకుంటాయి. ఇరవై మంది కలిసి పాటలు పెట్టుకుని ఎక్కే తెలుగు బృందం ఛాయలకు ఏ జంతువూ రాదని మా ఆవిడ అభిప్రాయం. రాటిల్‌స్నేక్ లెడ్జ్ పేరు చూసి కూడా బెదరకండి. ఈ రాష్ట్రంలో ఆ గిలక పాములు ఉండేది కాస్కేడ్ కొండలకు అవతల, తూర్పు వైపు. కూగర్ అనే కొండపులి విషయంలో మాత్రం కొంచెం జాగ్రత్త కావాలి. 2018 మేలో నార్త్ బెండ్ దగ్గర ఒక సైకిలిస్టును చంపింది. ఈ రాష్ట్రంలో అంతకు ముందు అలాంటి మరణం జరిగింది 1924లో. కూగర్ ఎదురైతే పరుగెత్తకండి, వంగకండి, పిల్లలను ఎత్తుకోండి, చేతులు పైకెత్తి గట్టిగా అరవండి. మీద పడితే ఎదురు తిరగండి.

మన పిల్లలను నిజంగా మింగుతున్నవి నీళ్ళు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమెల్ జలపాతం దగ్గర ఇద్దరు ఆంధ్ర విద్యార్థులు మునిగి చనిపోయారు. ఎలుగుబంటి గురించి ఫోన్ చేసేవాళ్ళలో ఒక్కరైనా నది చల్లదనం గురించి అడగరు. మంచు కరిగిన నీటిలో ఈత వచ్చినవారి కాళ్ళు చేతులు కూడా నిమిషాల్లో పనిచేయడం మానేస్తాయి.

వీసా ఏదైనా సరే, మీరు హాయిగా మోసుకెళ్ళగలిగింది బేర్ స్ప్రే, అంటే ఎలుగు మీదికి చిమ్మే డబ్బా. అందులో ఉన్నది మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన మిరప ఘాటే. దాన్ని ఒకటి నుంచి రెండు శాతం దాకా చిక్కబరిచి, ఒత్తిడితో డబ్బాలో నింపుతారు. కొనేటప్పుడు డబ్బా మీద మూడు విషయాలు చూడండి: పర్యావరణ సంస్థ ఇ.పి.ఎ. నమోదు సంఖ్య, కనీసం 225 గ్రాముల పరిమాణం, గడువు తేదీ. ఆత్మరక్షణ కోసం తాళాల గుత్తికి తగిలించుకునే చిన్న పెప్పర్ స్ప్రే దీనికి బదులు కాదు. అలాస్కాలో 1985 నుంచి 2006 దాకా జరిగిన 83 ఘటనలను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, గోధుమ ఎలుగుల దూకుడును ఈ స్ప్రే 92 శాతం సార్లు ఆపింది. అదే బృందం 2012లో తుపాకుల మీద చేసిన అధ్యయనంలో చేతి తుపాకులు 84 శాతం సార్లు పనిచేశాయి. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పందెం కట్టడం సరికాదు, ఘటనల తీరు వేరు. కానీ భయంతో వణికే చేతికి, గురి చూడాల్సిన గుండు కంటే మబ్బులా పరుచుకునే ఘాటే నయమని నా నమ్మకం.

అది సంచి అడుగున ఉంటే లేనట్టే. నడుము పట్టీకి గానీ ఛాతీ పట్టీకి గానీ ఉండాలి. మొదటిసారి నేను పెరట్లో గడువు తీరిన డబ్బాతో సాధన చేశాను. నారింజ రంగు మూత లాగాను, నొక్కాను, బాగానే పోయింది. గాలి ఎటు వీస్తోందో మాత్రం చూడలేదు. కారం దంచే రోకలి దగ్గర కూర్చున్న మా అమ్మమ్మ ముఖం గుర్తొచ్చింది, ఆ తరువాత అరగంట ఏమీ కనిపించలేదు. సాధనకు ఘాటు లేని ఉత్త డబ్బాలు విడిగా అమ్ముతారు, అవి కొనండి. విమానంలో బేర్ స్ప్రే చేతి సంచిలోనూ, కింద వేసే పెట్టెలోనూ పనికిరాదు. యోసమిటీ జాతీయ ఉద్యానంలో దానికి అనుమతే లేదు. యెల్లోస్టోన్‌కు వెళితే మాత్రం తప్పక తీసుకెళ్ళమంటారు. అక్కడ ఎలుగుకు వంద గజాల దూరంలో ఉండాలని నియమం. ఎక్కడికి వెళ్ళినా పులిహోర డబ్బా ఖాళీ చేశాక కూడా గట్టిగా మూసి వెనక్కి తెచ్చుకోండి. ఎలుగుల ముక్కు మన ముక్కు లాంటిది కాదు.

గ్రీన్ కార్డు చేతికి వచ్చినవారికి ఇప్పుడు రివాల్వర్ సంగతి చెప్పవచ్చు. ఆ కార్డు కోసం మనవాళ్ళ వరస ఎంత పొడవో చూస్తే, అప్పటికి అడవికి వెళ్ళే మోకాళ్ళు మిగిలితే అదే అదృష్టం. దుకాణదారు మొదట చేతిలో పెట్టేది అన్నిటికంటే తేలికదే. ఐదు తూటాలు పట్టే స్మిత్ అండ్ వెసన్ 642 సుమారు 410 గ్రాములు. స్కాండియం లోహం కలిపిన 340పిడి 335 గ్రాములే, అందులోనే .357 మ్యాగ్నమ్ అనే శక్తివంతమైన తూటా కాల్చవచ్చు. 2009లో వచ్చిన రూగర్ ఎల్‌సిఆర్ .38 రకం 385 గ్రాములకు దగ్గర. .44 మ్యాగ్నమ్ కాల్చే 329పిడి కూడా 715 గ్రాములే. మన కాన్పూర్‌లో 2014లో తయారైన నిర్భీక్ అర కిలో అంటే అబ్బో అన్నాం.

ఆ చిన్న అంకెలకు చేతితో మూల్యం చెల్లించాలి. అదే తూటాను సగం బరువున్న తుపాకీతో కాలిస్తే అది తన్నే శక్తి రెండింతలు అవుతుంది. రేంజ్‌లో అద్దెకు తీసుకున్న ఒక అతి తేలిక .357తో నేను మొదటి గుండు కాల్చాను. బొటనవేలి మొదట్లో చర్మం లేచింది. మూడు కాల్చాక ట్రిగ్గర్ కదలలేదు. పక్కనున్న శిక్షకుడు తుపాకీ తీసుకుని చూపించాడు: తన్నుల కుదుపుకు, కాల్చని తూటాలోని గుండు దాని తొడుగులోంచి గోరంత ముందుకు జరిగి, సిలిండర్ అంచు దాటి చట్రానికి ఆనుకుంది. చక్రం తిరగదు. ఎలుగు ఎదుట అలా జరిగితే నా చేతిలో ఉండేది ఖరీదైన రాయి.

నా ఎంపిక అందుకే బరువైనదానికి వెళ్ళింది: మూడు అంగుళాల గొట్టం ఉన్న ఉక్కు రూగర్ ఎస్‌పి101, 765 గ్రాములు. అందులో .38 స్పెషల్ తూటాలు వేస్తే చేయి హాయిగా భరిస్తుంది, నెలకోసారి సాధన చేయాలనిపిస్తుంది. లీటరు నీళ్ళ సీసా కంటే తక్కువే అది. ఒరలేని రివాల్వర్‌ను జేబులో వేసుకోవద్దు. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి ఒర ఉండాలి.

వాషింగ్టన్‌లో 2024 జనవరి నుంచి కొనుగోలుకు ముందు శిక్షణ పత్రం చూపాలి, పది పనిదినాలు ఆగాలి. దుకాణంలో చేతి తుపాకీకి కనీస వయసు 21. 2010 ఫిబ్రవరి నుంచి జాతీయ ఉద్యానాల్లో అవి ఉన్న రాష్ట్ర చట్టానికి లోబడి తుపాకీ వెంట ఉంచుకోవచ్చు, కానీ సందర్శకుల కేంద్రం లాంటి ప్రభుత్వ భవనాల్లోకి తేకూడదు.

రేంజ్‌కు తీసుకెళ్ళిన సంచితో ఇండియాకు ప్రయాణం చేయకండి. జేబు మూలలో మరచిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో బయటపడితే 1959 ఆయుధాల చట్టం కింద కేసవుతుంది, పెళ్ళికి వచ్చానన్నా వినరు. మా ఇంట్లో రేంజ్ సంచి గరాజ్‌లోనే ఉంటుంది. ఊరికి తీసుకెళ్ళే సంచుల పిడికి మా ఆవిడ పసుపు గుడ్డ కట్టింది. పసుపు గుడ్డ లేనిది ఏదీ కారెక్కదు.