అమ్మమ్మ నూలు చీరతో కుర్తా: రఫ్పులు పోకుండా కుట్టడం ఎలా?

కత్తెర, గుండుసూదులు, టేపు, సుద్ద, కటింగుకు బ్రౌన్ పేపరు, లైనింగుకు పలుచని తెల్ల నూలు గుడ్డ 2.5 మీటర్లు. ఇవి చాలు. చీరనూ లైనింగునూ విడివిడిగా తడిపి, పిండకుండా నీడలో ఆరేయండి. మోడల్ సాదాగానే ఉండాలి. కుచ్చులు వద్దు.

ఇక అందరూ పాడుచేసేది కటింగు దగ్గరే. బాగున్న ముక్క చూసి కోసుకుని, రఫ్పు చేసిన (చిరుగును దారంతో అల్లి పూడ్చిన) భాగం పారేస్తారు. అలా చేస్తే ఆ కుర్తాలో అమ్మమ్మ ఎక్కడుంది? మా అమ్మమ్మ ఆకుపచ్చ చీరలో మూడు రఫ్పులు ఎర్రదారంతో ఉన్నాయి. ఆ రోజు ఇంట్లో ఉన్న దారం అదే. తాతయ్య పోయాక ఆ చీరతోనే కూలికి వెళ్లి ముగ్గురు పిల్లలను పెంచింది. కూలి డబ్బులు ముడివేసిన కొంగు మూల ఇప్పటికీ సాగి వంకరగా ఉంటుంది. ఆ మూలను నేను జేబుగా కుట్టాను.

కోసే ముందు చీరను కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకోండి. వెలుతురు ఎక్కువగా దిగే చోట గుడ్డ అరిగిందని అర్థం. పడుగు (నిలువు దారాల) వైపు ఒకసారి, పేక (అడ్డ దారాల) వైపు ఒకసారి మెల్లగా లాగి చూసి, బలహీనమైన చోట్లను సుద్దతో గుర్తుపెట్టండి. చంకలు, భుజాలు, పక్క కుట్లు గట్టి గుడ్డ మీదే పడాలి. రఫ్పులు ఛాతీ మీదో వీపు మీదో, లాగుడు తక్కువున్న చోట రావాలి. రఫ్పుకూ కుట్టుకూ మధ్య కనీసం 2 అంగుళాలు వదలండి. రఫ్పు చుట్టుపక్కల గుడ్డ కన్నా బిగువు. కుట్టు దగ్గరగా పోతే సరిగ్గా దాని పక్కనే చిరుగుతుంది. చీర సుమారు 5.5 మీటర్లు, కుర్తాకు అందులో సగం చాలు. కాబట్టి కుర్తా కొలతలకు కోసుకున్న బ్రౌన్ పేపరును చీర మీద జరుపుతూ చూడండి. నాకు దీనికే ఒక పూట పడుతుంది.

కోయకముందే చీర కింద లైనింగు పరిచి, 4 అంగుళాలకొక వరుస చేత్తో టాకాలు (తర్వాత విప్పేసే వదులు కుట్లు) వేసి, రెండూ కలిపి కోయండి. ఇస్త్రీతో అతికించే ఫ్యూజింగు వాడవద్దు. చీర అట్టలా బిగుసుకుపోతుంది. అన్నేళ్ల వాడకంతో వచ్చిన మెత్తదనాన్ని జిగురుతో చంపుకోవడం ఎందుకు?

మిషన్‌కు కొత్త 11వ నంబరు సూది పెట్టండి. ఒక్కో కుట్టు పొడవు 2.5 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. మరీ దగ్గర కుట్లు పడితే పాత గుడ్డ తపాలా బిళ్ల అంచులా విడిపోతుంది. మిగతా కుట్టుపని మామూలే. చివర్లో టాకాలు విప్పేసి, ఒక్కో రఫ్పు చుట్టూ చేత్తో సన్నని కుట్టు వేసి లైనింగుకు పట్టించండి.